వేంగీ ద్వైమాతురులు

ద్వైమాతుర శబ్దమును పాఠశాలలో మేము విఘ్నేశ్వరునితో మొదలిడి జరాసంధునితో ముగింతుము. ఇరువురు తల్లుల బిడ్డ యని యర్థము. సంఖ్యావాచకము పూర్వమందున్న మాతృశబ్దమున కపత్యార్థమం దణ్ప్రత్యయమును, ఋకారమునకు ఉకారమును పాణిని విధించెను. విద్యార్థి రూపసిద్ధి నొప్పగించును, ఉపాధ్యాయుఁడు తలయూఁచును, అంతటితో నా శబ్దము పని తీఱును. కాని యిది కోశములలో మాత్రమే బ్రదికిన శబ్దము కాదు. క్రీ. శ. పదునొకండవ శతాబ్దమున నొక వేంగీచాళుక్యుఁడు తన యన్ననుగూర్చి యీ శబ్దమునే రాగిఱేకులపైఁ జెక్కించెను. ఆ తమ్ముఁడు ఏడవ విజయాదిత్యుఁడు. ఆ యన్న నన్నయభట్టారకునిచే భారతమును దెనిఁగింపఁజేసిన రాజరాజనరేంద్రుఁడు.

రాజరాజు నెఱుఁగని తెలుఁగు చదువరి లేఁడు. విజయాదిత్యు నెఱిఁగినవారు కొలఁదిమంది. వారును నతఁ డన్నరాజ్య మపహరించినవాఁ డని యొక్క వాక్యమునఁ జెప్పి దాఁటిపోవుదురు. అది యబద్ధము కాదు, అతఁడే చెప్పుకొన్నమాట. అయినను నా యపహరణమునకుఁ బిమ్మట నతఁడు నలువదియేండ్లకుఁ బైగా జీవించెను. ఆ కాలములో నతని మనసు తిరిగిన విధమును, అన్నకొడుకునకు నతనికిని గుదిరిన పొత్తును విచారింపక యీ కుటుంబచరిత్రమును ముగించుట న్యాయముగాదు. ఇందుకు శాసనములలోని క్రియాపదములను వరుసగాఁ బెట్టి చూచుట మేలైన మార్గమని నా తలంపు. చారిత్రకులు తేదీలను యుద్ధములను జూతురు. వైయాకరణుఁడు క్రియను, కారకమును జూచును.

విమలాదిత్యుఁడు క్రీ. శ. 1011లోఁ బట్టముగట్టుకొని యేడేండ్లు రాజ్యమేలెను. అతనికి దేవు లిరువురు. చోళచక్రవర్తియగు రాజరాజచోళుని కూఁతురు కుందవ యొకతె. చోడవంశపు రాచకూఁతురగు మేడవ రెండవయామె. కుందవకు రాజరాజును, మేడవకు విజయాదిత్యుఁడును బుట్టిరి. విమలాదిత్యుని యేడేండ్లు 1018తో ముగియుచున్నవి. రాజరాజ పట్టాభిషేకము 1022వ సంవత్సరమునఁ గాని జరుగలేదు. నడిమి నాలుగేండ్లును దాయాదిపోరునకే చెల్లిన వని చారిత్రకులు చెప్పుదురు. వేఱు హేతువు నాకును దోఁపదు.

రాజరాజునకు మేనమామ రాజేంద్రచోళుఁడు. ఆ మేనమామ కూఁతు రమ్మంగదేవియే రాజరాజునకు భార్య. ఇట్లు తల్లివైపునను భార్యవైపునను నన్నకు దక్షిణదేశపు బలము తోడై నిలిచెను. తమ్మునకుఁ గల్యాణపురమునేలు పశ్చిమచాళుక్యులు తప్ప వేఱు దిక్కు లేదు. చోళులకును గల్యాణప్రభువులకును దరతరాల పగ. ఒక్క తండ్రి యింట రెండుపొయిలుగా మొదలైన వేర్పాటు రెండు సామ్రాజ్యముల రణముతోఁ బెనవడి, యన్నదమ్ములు కూడుకొందమన్నను గూడరానిదయ్యెను. ఇట్టి యిండ్లలో బంధువు లొనర్చు సాయమే సంధికిఁ బెద్ద విఘ్నము. ఈ మాట రాజకుటుంబములకే కాదు.

క్రీ. శ. 1030–31లో విజయాదిత్యుఁడు వేంగీసింహాసనము నాక్రమించెను. పాములవాక తామ్రశాసనమునందు నతఁ డీ పనిని దాఁచలేదు; బలముచే రాజ్యముఁ గొంటి నని చాటెను. ర్యాలిలో దొరకిన శాసనములయందో మఱియొక శబ్దము వచ్చి చేరినది. ద్వైమాతురుఁడైన రాజరాజు పరోక్షమున రాజ్యలక్ష్మిని గ్రహించితి నని యందలి భావము. ఈ రెండు శబ్దములును నిలిచి చూడఁదగినవి. ఒక్క తండ్రి బిడ్డల మని చెప్పుటకు సంస్కృతమున శబ్దములు లేకపోలేదు. అగ్రజుఁ డన్నను జాలును. విజయాదిత్యుఁడు తండ్రి నెన్నక తల్లుల నెన్నెను. అన్న యనుటకు నోరు రానివాఁ డెన్నుకొను శబ్దమే ద్వైమాతురుఁడు. ఇఁకఁ బరోక్ష మనఁగా, మన శాస్త్రమునందు వక్త తన కన్నులఁ జూడనిది; లిట్టు దానికై విధింపఁబడినది. ఇచ్చట వక్తయే కర్త, చూడనివాఁ డన్న. ఎదుటలేని యన్న సొత్తు నెత్తుకొంటినని చెప్పుట ప్రశస్తికిఁ దగిన మాట కాదు. బలముచేతఁ గొంటి ననుట క్షత్త్రియోచితము. పరోక్షమునఁ గొంటి ననుట యట్టిది గాదు. పాములవాకలోఁ జాటుకొన్న వీరము ర్యాలికి వచ్చునప్పటికిఁ గొంత తగ్గినట్లు నాకుఁ దోఁచుచున్నది.

రాజరాజు చోళసేనల సాయమున మరలఁ బీఠ మెక్కెను. ఆ యుద్ధముల వెల యెంతయో కలిదిండి శాసనము చెప్పును. కర్ణాటసైన్యముతోఁ బోరి మడిసిన చోళసేనాపతులు మువ్వురకుఁ గలిదిండిలో రాజరాజు మూఁడు శివాలయములు గట్టించి వృత్తు లేర్పఱచెను. తన యింటి తగవునకై పరదేశీయులు ప్రాణము లిచ్చిరన్న ఋణము నతఁడు మఱువలేదు. కాని తమ్ముని మఱచెను; అనఁగా మఱచినట్లు వ్రాయించెను. కోరుమిల్లి శాసనమునఁగాని, నన్నయభట్టు రచించిన నందంపూఁడి శాసనమునఁగాని విజయాదిత్యుని పేరు గానరాదు. నందంపూఁడి దానము రాజరాజు ముప్పది రెండవ రాజ్యవర్షమునాఁటిది, అనఁగా క్రీ. శ. 1053. ఈ లెక్క 1022 నుండి యెడతెగక నడచినది. తమ్ముఁడు సింహాసనముపైఁ గూర్చుండిన దినములును నన్న రాజ్యవర్షములలోనే కలిసిపోయినవి. తమ్ముఁడు తల్లుల నెన్ని యన్నను వేఱుచేసెను. అన్న సంవత్సరముల నెన్ని తమ్ముని లేకుండఁజేసెను.

ఈ కాలముననే భారత మాంధ్రీకరింపఁబడెను. చంద్రవంశజులైన పాండవులు తన పూర్వులు గావున వారి చరిత్రము వినవలె నని రాజరాజు కోరినట్లు నన్నయ యవతారికయందుఁ జెప్పెను. ఇది కవి కల్పించిన మాట గాదు. విమలాదిత్యుని కాలమునుండి చాళుక్యశాసనములలో బ్రహ్మ, అత్రి, చంద్రుఁడు మొదలుకొని పాండవులమీఁదుగా దిగివచ్చు వంశావళి కనఁబడుచున్నది. అర్జునుఁడు, అభిమన్యుఁడు, పరీక్షిత్తు, జనమేజయుఁడు వీరికిఁ దాతముత్తాతలు. కావున దాయాదులు రాజ్యమునకై కాట్లాడి చచ్చిన కథ రాజమహేంద్రవరపుఁ గొలువున నొరుల కథగా వినఁబడియుండదు. నన్నయ రచించినంతమేర, ఆది సభాపర్వములును నరణ్యపర్వమున కొంతయు, రాజ్యము పోవుటయే యున్నది. మరల వచ్చుట లేదు. పాండవు లైదుగురును నొక్కతల్లి బిడ్డలు గారు. కుంతికి మువ్వురు, మాద్రికిఁ గవలు. వారును ద్వైమాతురులవంటివారే, వారిలోఁ జీలిక లేదు. సభాపర్వముననే జరాసంధుని పుట్టుక వచ్చును. ఇద్దఱు తల్లుల కడుపులఁ జెఱిసగముగాఁ బుట్టిన తునుకలను జర యను రాక్షసి యొక్కటి చేసెను. నన్నయ యీ ఘట్టమును జదివినపుడు రాజరాజు ముఖ మెట్లుండెనో చూచినవారు మనకు వ్రాసియుంచలేదు, ఊహించుట పాఠకులవంతు.

రాజరాజు క్రీ. శ. 1061లో మరణించెను. అతని కొడుకు రాజేంద్రుఁడు, పిమ్మటఁ గులోత్తుంగచోళుఁడని ప్రసిద్ధిగాంచినవాఁడు, వేంగిని నిలుపుకొనలేకపోయెను. విజయాదిత్యుఁడు మరలఁ బైకివచ్చెను. ఈ మాఱు తాను బట్టము గట్టుకొనలేదు. తన కొడుకు శక్తివర్మకుఁ గట్టెను. రాజ్యమునకై ముప్పదియేండ్లు తిరిగినవాఁడు అది చేతికి వచ్చిన దినమునఁ గొడుకున కిచ్చివేయుట గమనింపఁదగినది. వార్ధకమే హేతువందు మేని, పిమ్మటఁ బదునైదేండ్లు రాజ్యభారము వహించినవానికి వార్ధక మడ్డుగాదు.

శక్తివర్మ యేఁడాదికే మరణించెను. ఈ సంగతి ర్యాలి శాసనములే లేకున్న మనకుఁ దెలియకయే పోయియుండును. అభిమన్యుఁడు గూలినప్పు డర్జునుఁడువలె విజయాదిత్యుఁడు శోకమున మునిఁగి, రాజ్యమునం దిచ్ఛలేనివాఁడై యుండి, యెట్టకేలకుఁ బ్రార్థితుఁడై యంగీకరించె నని యందుఁ జెప్పఁబడినది. ప్రశస్తులలోని యుపమలు చాలవఱకు వట్టి తొడవులు; రాజెవ్వఁడైన నర్జునుఁడే, ఏ యువరాజైన నభిమన్యుఁడే. ఇచ్చట మాత్ర మా యుపమను బరికించినకొలఁది లోఁతు గానవచ్చును. అభిమన్యుఁడు పరరాజులతోడి పోరునఁ జచ్చినవాఁడు గాఁడు; తాతలును, పెదతండ్రులును, గురువులును నిలిచియున్న దాయాదిపోరునఁ జచ్చెను. అతని కొడుకగు పరీక్షిత్తువలననే చాళుక్యులు తమ వంశము నిలిచిన దని చెప్పుకొందురు. విజయాదిత్యున కట్టి పరీక్షిత్తు లేఁడు. మిగిలినవాఁ డన్నకొడుకు. ఏ భారతమును తన పూర్వుల కథ యని యన్న తెలుఁగున వ్రాయించెనో, ఆ భారతమునే తమ్ముఁడు తన దుఃఖమునకుఁ బోలికగాఁ దెచ్చుకొనెను. అన్నదమ్ములకు మిగిలిన యుమ్మడిసొత్తు రాజ్యము గాదు, ఆ కథ.

ఇచ్చటినుండి క్రియాపదములు మాఱును. మొదటి శాసనములలో విజయాదిత్యుఁడు కర్త, క్రియ గ్రహించుట. శక్తివర్మ మరణించిన పిమ్మట రాజ్య మతనికిఁ బ్రార్థనచే వచ్చినది. అటుపిమ్మట ముగ్గు రాతని కిచ్చితి మనువారు బయలుదేఱిరి.

మొదటివాఁడు వీరరాజేంద్రచోళుఁడు. క్రీ. శ. 1067 ప్రాంతమునఁ గృష్ణాతీరమునఁ గర్ణాటసేనల నోడించి వేంగిని మరలఁ గైకొని, తన పాదములను శరణుచొచ్చిన విజయాదిత్యునకు దానిని బ్రసాదించితి నని యతని ద్రావిడ ప్రశస్తి చాటుచున్నది. ఇది జేత మాట. శరణాగతుఁడు, దాత, దానము, మూఁడును స్పష్టము. విజయాదిత్యుఁ డంతకుమున్నే వేంగిలో నుండె నన్న సంగతి దాతకుఁ బట్టలేదు.

రెండవవాఁడు కులోత్తుంగుఁడు. ఇతఁడు 1070లోఁ జోళసింహాసన మెక్కెను. చాళుక్యునకుఁ గొడుకు, చోళునకు దౌహిత్రుఁడు. రెండువంశము లీతనియందుఁ గలిసినవి. ఇతని కొడుకు వీరచోడుని చెల్లూరు శాసనమునందుఁ, గొడుకును వేంగికిఁ బంపుచుఁ గులోత్తుంగుఁ డాడినమాట చెక్కఁబడినది. చోళరాజ్యమును గోరి పోవుచున్న నేను వేంగీరాజ్యమును నా పినతండ్రియైన విజయాదిత్యునియందు మున్ను న్యస్తము చేసితిని. ఆయన పదునైదేండ్లు పాలించి దివంగతుఁ డయ్యెను. ఇది యామాట తాత్పర్యము. ఇందు న్యస్త మను పదమే నా దృష్టిలో నీ చరిత్రమంతటికి నాయువుపట్టు.

దానమునకుఁ గారకము సంప్రదానము, విభక్తి చతుర్థి. ఇచ్చినవానికి స్వత్వము తొలఁగి పుచ్చుకొన్నవానికి స్వత్వము గలుగుటయే దాన మని మన వృత్తికారులు వివరింతురు. అందుచేతనే చాకలికి బట్టలు వేయుట సంప్రదానము గాదు. బట్టలు మరల నింటికి రావలయును. గురువు శిష్యునకుఁ జెంపపెట్టు నిచ్చు టను భాష్యకారుని ప్రయోగము నెత్తుకొని యీ నియమమును సడలించువారును గలరు. ఆ చర్చ యిచ్చట నక్కఱలేదు, చెంపపెట్టును మరల నడిగినవాఁడు లేఁడు గావున. న్యాసము వేఱు. దానికి సప్తమి. తెలుఁగున నిల్లడ యందుము. ఇల్లడ పెట్టినవాని స్వత్వము పోదు. పుచ్చుకొన్నవాఁడు దొంగయుఁ గాఁడు, యాచకుఁడుఁ గాఁడు. నమ్మఁదగినవానియొద్దఁ గాని యెవ్వఁడు నిల్లడ యుంచఁడు. విజయాదిత్యుఁడు గొంటి నన్నాఁడు. వీరరాజేంద్రుఁ డిచ్చితి నన్నాఁడు. కొంటి ననుట నొప్పుకొన్నచోఁ గులోత్తుంగునకుఁ దండ్రిసొత్తు పోయిన ట్లగును. ఇచ్చితి నన్నచోఁ బినతండ్రి బిచ్చము పుచ్చుకొన్న ట్లగును. రెంటికిని నడుమఁ, దన హక్కును నిలిచి పినతండ్రి గౌరవమును నిలుచునట్టి శబ్దము నొక్కదానిని వెదకి తెచ్చుట చూడుఁడు. చెక్కినది శాసనకవి కావచ్చును, ఒప్పుకొన్నది కొలువు.

ఈ మాట నిజమా యని యడుగువారు మూఁడవవానిని సాక్షిగాఁ దెత్తురు; తేవలసినదే. కళింగగాంగుఁడైన అనంతవర్మ చోడగంగని 1118వ సంవత్సరపు విశాఖపట్టణ శాసనమునఁ, దన తండ్రి రాజరాజు ముదిసిన విజయాదిత్యుని గాచెనని యున్నది. ఆకాశమును విడుచు సూర్యునివలె వేంగిని విడిచి చోడులనెడు సముద్రమున మునుఁగఁబోవుచున్న యా వృద్ధుని నిలిపి, పడమటిదిక్కునఁ జిరకాలము సంపద ననుభవింపఁజేసె నని దాని భావము. ఆ చోడసముద్రము కులోత్తుంగుఁడే యైనచోఁ బినతండ్రి యన్నకొడుకునకు భయపడి కళింగుని యండఁ జేరె నని చెప్పవలసివచ్చును. ఇల్లడ యన్నమాట కప్పుమాత్రమే యగును.

ఈ సాక్ష్యమును ద్రోసివేయఁజాలము. విజయాదిత్యునకును గులోత్తుంగునకును నడుమ గడ్డుదినములు నడచిన వనుటకు సందేహము లేదు. రాజ్యము పోఁగొట్టుకొన్నవాఁడు మేనమామల సింహాసన మెక్కి బలిష్ఠుఁ డైనపుడు పొరుగున నున్న ముసలి పినతండ్రి నిశ్చింతగా నిదురించియుండఁడు. అయినను రెండు సంగతులు చూడవలెను. కళింగశాసనము నలువదియేండ్లకుఁ బిమ్మట వ్రాసినది. అదియు దాతల ప్రశస్తియే, వీరరాజేంద్రుని మాటవలెనే విజయాదిత్యుని రక్షితునిగాఁ జేసి తమ ఘనతకు వాడుకొన్నది. ఇఁక, చోళచక్రవర్తి తలఁచినచోఁ బినతండ్రిని వేంగినుండి పెకలించుట కష్టము గాదు. ఆ ముసలివాఁడు చచ్చుదాఁక సింహాసనముపైనే యుండెను. జరిగినదాని వృత్తాంతముగాఁ జూచిన నిల్లడ యన్నమాట సరికాదు. 1061లోఁ గులోత్తుంగుఁడు దేనిని నెవనియొద్ద నుంచలేదు. జరిగినదానిని దా నెట్లు స్వీకరించెనో చెప్పు మాటగాఁ జూచిన నది సరియైనదే. పగను మాన్పుకొనువాఁడు గడచినదానిని మార్పలేఁడు, దానికిఁ బేరు మార్చును. శాస్త్రజ్ఞు లిది యసత్య మందురేని, తగవు తీర్చు పెద్దమనుష్యు లెన్నఁడైన నే మాటలు వాడుదురో విని యుండవలెను.

ఆ మాట కొడుకుతో నాడినది గాని శత్రువుతో నాడినది కాదన్న విషయమును మఱువరాదు. తండ్రి తన పినతండ్రిని గూర్చి పిల్లవాని కేమి చెప్పునో దానినిబట్టి రెండవతరమున పగ నిలుచుటయో చల్లాఱుటయో యేర్పడును. కులోత్తుంగుఁడు తన తండ్రివలె విజయాదిత్యుని పేరు విడువలేదు. పినతండ్రివలె ద్వైమాతురశబ్దమును వాడలేదు. పితృవ్యుఁ డనెను. ఈ శబ్దమును బాణిని నిపాతముగాఁ జెప్పెను. తండ్రి తోఁబుట్టు వని దాని యర్థము. తల్లు లెందఱో యీ శబ్ద మడుగదు.

లెక్కలయందు నిదే పోకడ. చెల్లూరు శాసనమునఁ గులోత్తుంగుని తండ్రికి 41 వత్సరములు, పినతండ్రికి 15 వత్సరములు వ్రాయఁబడినవి. రాజరాజు తమ్మునికై యొక దినమైన విడువలేదు. అతని కొడుకు పదునైదేండ్లు విడిచెను. ఐనను 1022 మొదలు 1061 వఱకు నలువదవ యేఁడే నడచును గాని నలువదియొకటి నిండదు. అధికముగా నున్న యా వర్షము శక్తివర్మ పేరు మ్రింగిన వర్షమే యని నా యభిప్రాయము. తండ్రి దుఃఖమును జెప్పు ర్యాలిశాసనములు దప్ప నా చిన్నవాని పేరు దలఁచినది లేదు. సంధి కుదిరినను నింటివారందఱును లెక్కకు రాలేదు.

విజయాదిత్యుని పిమ్మటఁ గులోత్తుంగుఁడు మొదట వేంగికిఁ బంపినది ముమ్మడిచోడుఁడను కొడుకును. ఇతఁ డొక్కయేఁడే రాజ్యమేలి, తల్లిదండ్రుల పాదసేవవలనఁ గలుగు సుఖము రాజ్యమున లేదని తలిదండ్రులకడకుఁ దిరిగిపోయెనఁట. ఇది ప్రశస్తిలోని మర్యాదయో, పిల్లవాని బెంగయో నిర్ణయింపనక్కఱలేదు. శకవత్సరము 1001లో వీరచోడునకు వేంగిలోఁ బట్టాభిషేకము జరిగెను. 1084లో నతనిస్థానమున రాజరాజ చోడగంగుఁడు వచ్చెను. కొన్నియేండ్లకు వీరచోడుఁడే మరల వచ్చెను. అన్నదమ్ములు వరుసగా నా పీఠమెక్కి దిగిరి. వారిలో నొకరు పరోక్షమునఁ గొన్నట్లు చెప్పు శాసనము నేను జదివినవానిలో లేదు.